వెరోనా అత్త కుకీల బల్ల

స్ట్రదర్స్, ఒహాయో
1983 మార్చి 3

వెరోనా అత్తా,

ఈ ఇంట్లో నేను మంచికని ఏం చేసినా అది చెడుగానే అర్థమవుతుంది. చిన్నప్పుడు పవ్లిక్ వాళ్ళ పిల్లిని కాలువలోంచి పైకి లాగితే, దాన్ని కాలువలో తోసింది నేనేనని వీధంతా తేల్చేసింది. నువ్వొక్కదానివే నా తడిసిన చేతులు చూసి "దీని మాట వినండే" అన్నావు. ఇప్పుడూ అదే వరస. నువ్వు మాత్రం హ్యూస్టన్‌లో కూర్చున్నావు.

పెళ్ళి పత్రిక నీకు చేరి వారం దాటి ఉంటుంది. నేలకి పరిచే లినోలియం ముక్క మీద బొమ్మ నేనే చెక్కి, లైబ్రరీలో మిగిలిపోయిన అట్టల మీద ఒక్కొక్కటీ నేనే అద్దాను. పావురం బాతులా వచ్చిందని నా పెళ్ళికొడుకు రస్ నవ్వాడు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. పావురాన్ని ఎవరూ చూడనేలేదు మరి. అందరి కళ్ళూ అడుగున ఉన్న ఒక్క వాక్యం మీదే పడ్డాయి: "మీరు రావడమే మాకు సంతోషం. దయచేసి కుకీలు చేసి తీసుకురావద్దు."

ఆదివారం చర్చి మెట్ల మీద మిసెస్ పవ్లిక్ నన్ను చూసి చేతిసంచి సర్దుకుంటూ, "చదువుకున్న పిల్లవి, నీకెలా బాగుంటే అలా" అని దిగిపోయింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గిన్నెలతో మాట్లాడింది. నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు: "మా చేతి తిండి మీకు పనికిరాదని ఏకంగా అచ్చే వేశావు." అని గరాజ్‌లోకి పోయి, ఎవరిదో గడ్డి కోసే మిషను విప్పుకుంటూ చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

మన లోయలో పెళ్ళంటే కేకు ఒక మూల, వీధి ఆడవాళ్ళంతా చేసి తెచ్చిన కుకీల బల్ల గోడ పొడవునా ఉంటుందని నాకు తెలియదా? తెలుసు కనకే వద్దన్నాను. ఉక్కు మిల్లు మూతపడి ఆరేళ్ళు. మన వీధిలో జీతం తెచ్చే ఇళ్ళు నాలుగు మిగిలాయి. అక్రోట్ల ధర నీకు తెలుసు, వెన్న ధర తెలుసు. నా పెళ్ళికని ఆ ఆడవాళ్ళు తమ పొయ్యి కింద డబ్బు కాల్చుకోవాలా?

మిగతాదంతా బాగానే సాగుతోంది. విందుకి ఫైర్ స్టేషన్ హాలే, ఇంజిన్లు బయట నిలబెడతామన్నారు. బజారులో మూసేస్తున్న పెద్ద దుకాణంలో కిటికీ పరదాల లేసు చవగ్గా దొరికితే అమ్మ నా పెళ్ళిగౌనుకి కత్తిరించింది (మాటలు మానేసినా కత్తెర మానలేదు). పూలు కొనేది లేదు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ పెరళ్ళలో పియోనీలు ఎవరి అనుమతీ అడక్కుండా పూస్తాయి. నీ పాత ఇంటి వెనకవి కూడా లెక్కలో వేసుకున్నాను. మే 28, శనివారం. నువ్వు రావాలి. ఫోన్లు చావు కబుర్లకే అంటావు కాబట్టి ఉత్తరమే రాయి.

నీ మేనకోడలు,
జోలానా

•

హ్యూస్టన్, టెక్సస్
మార్చి 12

జోలీ,

ఈ చేతిరాత నాది కాదు, నా కోడలు షెర్రీది. నా కళ్ళజోడు విరిగింది. నేను చెబుతుంటే తను రాస్తోంది. తిట్లు వచ్చిన చోట కలం ఆపుతోంది, కాబట్టి నువ్వు వాటిని ఊహించుకుని చదువు.

పత్రిక చూశాను. ముందు నా కొడుకు పీట్‌కి ఇచ్చి చదవమన్నాను, నమ్మలేక. తర్వాత షెర్రీకి ఇచ్చాను. ఇద్దరూ ఒకేలా చదివారు.

నలభై ఏళ్ళు ఆ లోయలో ఎవరి పెళ్ళయినా బల్ల నేను పెట్టాను. ఏ పళ్ళెం ఎక్కడ, ఎవరిది ముందు, ఎవరిది వెనక, ఎవరి రెండు పళ్ళాలు పక్కపక్కన పెడితే కొట్లాటవుతుంది, అన్నీ నా తలలో ఉండేవి. మీ అమ్మ పెళ్ళికి పెట్టాను. నీ పెళ్ళికి పెట్టాలని నువ్వు పుట్టినప్పటి నుంచి అనుకున్నాను. ఇప్పుడు "చేసి తీసుకురావద్దు" అట!

ఇది నీ బుర్రలో పుట్టింది కాదు. రస్ వాళ్ళ అమ్మ అన్నదా? వెర్మాంట్‌లో పెళ్ళికి కేకు ముక్క చేతిలో పెట్టి పంపేస్తారని విన్నాను. ఆవిడకి మన బల్ల సంతలా కనిపించిందేమో. ఆవిడ కాకపోతే ఇంకెవరు? నా గురించి నీకు ఎవరేం చెప్పారు? మీ అమ్మా? పీటా? ఎవరు ఏం చెప్పినా నమ్మకు. నేను బాగానే ఉన్నాను.

రావద్దన్న చోటికి నేను రాను. నీకు దుప్పటి ఒకటి పోస్టులో పంపుతాను.

వె.

•

స్ట్రదర్స్
మార్చి 24

అత్తా,

నిన్ను రావద్దని ఎవరన్నారు? కుకీలు వద్దన్నాను, అత్తని వద్దనలేదు. ఈ రెండూ ఒకటేనా?

రస్ వాళ్ళ అమ్మకి పాపం ఏమీ తెలియదు. కుకీల బల్ల అంటే ఏమిటని పోయిన నెల ఫోన్‌లో అడిగింది. చెప్పాను. "అంటే అతిథులే తిండి తెచ్చుకుంటారా?" అంది జాలిగా. నాకు ఒళ్ళు మండి, "కాదండీ, అతిథులే వడ్డిస్తారు" అన్నాను. అదీ జవాబు కాదు, కానీ ఆవిడ నోరు మూతపడింది. కాబట్టి ఆవిడని వదిలెయ్. నీ గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలి? నువ్వు టెక్సస్ వేడిని తిడుతూ బాగున్నావనేగా.

నేను ఎందుకు రాశానో వింటావా? జనవరిలో యూనియన్ హాలు బయట వరసలో మిసెస్ పవ్లిక్‌ని చూశాను. ప్రభుత్వం పంచే వెన్న కోసం. పేరూ బొమ్మా లేని తెల్ల అట్టపెట్టెలు, ఒక్కొక్కటి ఇటుకంత. ఆవిడ రెండు గంటలు మంచులో నిలబడి, తన వంతు తీసుకుని కోటు కింద దాచుకుని, మన చర్చి వాళ్ళు ఎదురుపడకుండా సందులోంచి వెళ్ళింది. నేను లైబ్రరీ కిటికీలోంచి చూశాను. మర్నాడే ఆ వాక్యం చెక్కాను. ఉల్టా అక్షరాలు చెక్కడం ఎంత కష్టమో తెలుసా? సరదాకి చెక్కలేదు.

ఇది ఎవరికీ చెప్పలేను. చెబితే ఆవిడ వరసలో నిలబడిందని ఊరికి తెలుస్తుంది. చెప్పకపోతే నేను పొగరుబోతుని. చెప్పు అత్తా, ఏ తప్పు చేశాను? నాన్న ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. "ఉప్పు ఇలా ఇవ్వు" అంటే ఇస్తాడు, అంతే. చర్చిలో నన్ను పెళ్ళిపీట దాకా నడిపించుకెళ్ళే మనిషి!

ఏం చేస్తే సర్దుకుంటుందో చెప్పు. క్షమాపణ కార్డులు చెక్కడానికి లినోలియం ఇంకా ఉంది.

జోలానా

•

హ్యూస్టన్
ఏప్రిల్ 6

జోలీ,

కళ్ళజోడు ఇంకా రాలేదు, షెర్రీయే రాస్తోంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. నువ్వు పొగరుబోతువి కాదు. మెత్తని మనసుదానివి. కానీ ఆ మెత్తదనంతో ఇల్లిల్లూ తిరిగి తలుపులు మూసి వచ్చావే పిల్లా.

నా పెళ్ళి ముప్ఫై ఏడులో, సమ్మె రోజుల్లో. నీకు తెలుసుగా, మిల్లు గేటు దగ్గర తుపాకులు పేలిన వేసవి అది. ఏ ఇంట్లోనూ చక్కెర లేదు. మా అమ్మ కూడా నీలాగే, "ఎవరూ ఏమీ తేవద్దు" అని కబురు పంపుదామంది. మా నాన్న ఒప్పుకోలేదు. "వాళ్ళ దగ్గర ఇంకేం మిగిలింది ఇవ్వడానికి? అదీ వద్దంటావా?" అన్నాడు. పందికొవ్వుతో చేసినవి వచ్చాయి, బెల్లప్పాకం లాంటి మొలాసిస్‌తో చేసిన నల్లటివి వచ్చాయి. కింది వీధి ముసలావిడ ఒకామె ఆరు తెచ్చింది. డజను కాదు, ఆరు, చేతిరుమాల్లో కట్టుకుని. నేను పెళ్ళికూతుర్ని, అయినా లేచి వెళ్ళి ఆ ఆరూ మంచి పళ్ళెంలో పెట్టి బల్ల మధ్యలో ఉంచాను. అప్పటి నుంచే నన్ను బల్ల పెట్టమని పిలవడం మొదలెట్టారు.

ఇప్పుడు విను. క్షమాపణలు చెప్పకు. చెప్పావంటే వాళ్ళు "ఏం ఫరవాలేదు" అనాలి, అది ఇంకా కష్టం. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళు. వట్టి చేతులతో వెళ్ళు, ఏమీ పట్టుకెళ్ళకు. వెళ్ళి అడుగు. "ఏదైనా చేయండి" అనకు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పేరు పెట్టి అడుగు. పవ్లిక్ దగ్గర ఆప్రికాట్ జాము పెట్టి మడిచే కొలాచ్కీ. ఆవిడ అంచు మడిచినట్టు ఎవరూ మడవలేరు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. గ్రెటా డుబోస్ దగ్గర నిమ్మకాయవి, మాడినా సరే. ఎన్ని డజన్లని మాత్రం చచ్చినా అడగకు. అడిగితే అది ఆర్డరు, అడగకపోతే అది పెళ్ళి.

బట్టలారేసే చెక్కపుల్లల మీద పిండి చుట్టి కాల్చేవి నావి, వాటిని ఇంకెవరినీ అడగకు. గుల్లలు ఇక్కడే చేసి పంపుతాను, క్రీము మీ అమ్మ అక్కడ నింపుతుంది.

నేను మాత్రం రాలేను. మోకాలు. బస్సులో రెండు రోజులు కూర్చోలేను.

వె.

•

స్ట్రదర్స్
ఏప్రిల్ 27

అత్తా,

వెళ్ళాను. పదకొండు ఇళ్ళు. నువ్వు ఇక్కడ ఉండి చూడాల్సింది.

మొదట మిసెస్ పవ్లిక్. తలుపు సగమే తీసింది. "నాకు బోలెడు పనులున్నాయి" అంది. "మీ ఆప్రికాట్ కొలాచ్కీ లేకుండా నేను పెళ్ళి ఎలా చేసుకోను?" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. "వద్దని రాశావుగా." "రాశాను." "మరి?" "మరి, ఇప్పుడు కావాలి." "వెరోనా రాసిందా నీకు?" అంది ఆవిడ. దొరికిపోయాను. పగలబడి నవ్వింది. తలుపు మొత్తం తీసింది.

వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రీజర్ మూత ఎత్తింది. అత్తా, లోపల తెల్ల అట్టపెట్టెలు! ఇటుకల్లా పేర్చి ఉన్నాయి, తొమ్మిదో పదో. "క్రిస్మస్ నుంచి దాస్తున్నా" అంది. ఎందుకని అడిగితే, "ఎందుకేమిటే? మన వీధిలో పెళ్ళి కావాల్సిన పిల్లవి నువ్వొక్కదానివే మిగిలావు. ఆండీ కూతురివి, నీకు చవక మార్జరిన్ వేసి చేయమంటావా?" అంది. వాళ్ళాయన ఆ చలికాలమంతా ఎండు రొట్టె తిన్నాడట, గొణుక్కుంటూ. నేను కిటికీలోంచి చూసి జాలిపడిన వెన్న అది. నా పెళ్ళి వెన్న. లైబ్రరీలో చదివినదేదీ నాకు ఆ సంగతి చెప్పలేదు.

గ్రెటా డుబోస్ దగ్గర అక్రోట్లు లేవు. వాళ్ళ మామగారు వాగు పక్కన ఏరిన నల్ల అక్రోట్లు సుత్తితో కొడుతున్నాడు. తొక్క రసానికి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి, పెళ్ళినాటికైనా పోతాయో లేదో. "నిమ్మకాయవి కదా అడిగాను" అంటే, "అవీ చేస్తా, ఇవీ చేస్తా, నీకేం?" అని కసిరింది. ముగ్గురు గ్యాస్ బిల్లు ఆదా చేయడానికి ఒకే ఇంట్లో పొయ్యి వెలిగించి వంతులేసుకుంటున్నారు. ఎవరి పిండి ఎవరు చూడకూడదని మధ్యలో దుప్పటి కట్టారు! నేను నవ్వితే నాకూ పడ్డాయి చీవాట్లు. ఎన్ని డజన్లని నోటి చివరిదాకా వచ్చింది ఒకచోట, దగ్గుతో మింగేశాను.

ఇంత లేమిలో ఇంత దర్జా నేను కాలేజీలో ఎక్కడా చూడలేదు అత్తా. నేను ఈ ఊరి నుంచి ఎప్పుడు పారిపోదామా అని ఆరేళ్ళుగా కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ పదకొండు వంటిళ్ళలో మాత్రం నాకు ఎక్కడికీ వెళ్ళాలనిపించలేదు.

నాన్న సంగతి. నేను తిరిగొచ్చేసరికి వీధి నుంచి కబురు ముందే చేరింది. టేపు తీసుకుని ఫైర్ హాలుకి వెళ్ళి గోడ కొలిచి వచ్చాడు. గరాజ్‌లో ఇనప కడ్డీలు వంచి మూడంతస్తుల స్టాండ్లు చేస్తున్నాడు. మిల్లులో రేకు మందం కొలిచే రోలింగు గేజు ఎంత జాగ్రత్తగా చూసేవాడో అంత జాగ్రత్తగా. "ముప్ఫై అడుగుల బల్ల వస్తుంది" అన్నాడు నిన్న, నాతోనే! తర్వాత అన్నాడు, "బల్ల పెట్టేది ఎవరు? వెరోనా లేకపోతే వీళ్ళు పళ్ళాలతోనే కొట్టుకుంటారు."

అమ్మ మిసెస్ పవ్లిక్ పేరు చెబుతోంది. మిగతా పది మందీ వద్దంటున్నారు. నువ్వు రావాలి. మోకాలికి దిండు పెట్టుకో. నీ పెరట్లో పియోనీలు మొగ్గ తొడిగాయి, చెప్పడం మరిచాను.

జోలానా

•

హ్యూస్టన్
మే 4

జోలీ,

పవ్లిక్ ఎండు రొట్టె కథ విని షెర్రీ ఏడ్చింది. నేను ఏడవలేదు. గర్వపడ్డాను.

గుల్లలు నిన్న పార్సెల్‌లో వేశాం. జాగ్రత్తగా తెరవండి. బల్ల పవ్లిక్‌కే ఇవ్వండి. మొదట్లో గోల చేస్తారు, తర్వాత అలవాటు పడతారు. నేను రాను. మళ్ళీ అడగకు.

వె.

•

స్ట్రదర్స్
మే 12, గురువారం

అత్తా,

పార్సెల్ మంగళవారం వచ్చింది. అమ్మ వంటింటి బల్ల మీద పెట్టి, కత్తెరతో తాళ్ళు తెంపి, పైన కాగితం తీసింది. ఒక గుల్ల చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టి చూసింది. ఇంకొకటి తీసింది. మూడోది తీసి బల్ల మీద విసిరింది.

"కొన్నవి! నా కూతురి పెళ్ళికి కొన్నవి పంపింది!"

నేనూ చూశాను. అన్నీ ఒకే పొడవు. అన్నీ ఒకే రంగు. లోపల గొట్టంలా నున్నగా, గుండ్రంగా. నీ గుల్ల లోపల చెక్కపుల్ల అచ్చు ఉంటుంది, తల దగ్గర చిన్న మెట్టు, కింద చీలిక గీత. ఆ అచ్చులో వేలు పెట్టి క్రీము నాకుతూ పెరిగాను నేను. వీటిలో వేలు పెడితే జారిపోయింది. ఏదో బేకరీలో ఇనప గొట్టాల మీద చేసినవి.

అమ్మ ఏమనుకుందో చెప్పనక్కర్లేదు. పత్రికలో ఆ వాక్యానికి నువ్వు బదులు తీర్చుకున్నావట. "చేసి తేవద్దన్నారుగా, అందుకే చేయకుండా పంపింది" అంది. మన లోయలో బల్ల మీద కొన్న కుకీ పెట్టడం ఎంత పెద్ద మాటో నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు కనక, తెలిసే పంపావంది. నాన్న "మా అక్క అలా చేయదు" అని ఒక్కసారి అన్నాడు, రెండోసారి అనలేదు.

నేను ఆ రాత్రి నీ ఉత్తరాలు అన్నీ తీసి వరసగా పెట్టుకున్నాను. మూడు. మూడూ షెర్రీ చేతిరాతే. మార్చిలో విరిగిన కళ్ళజోడు మే నెలకీ బాగుపడలేదు. పీట్ ఓడల పైపులు అతికిస్తాడు, అమ్మ కళ్ళజోడు అతికించలేడా? కింద సంతకం కూడా చూశాను. ఒక్క "వె." అంతే. మార్చిలో అది అక్షరంలా ఉంది. మేలో ఉన్నది అక్షరం కాదు, కాగితం మీద ఎవరో కలాన్ని పిడికిట్లో పట్టుకుని ఈడ్చిన గీత.

నీ మోకాలికి ఏమీ కాలేదు. అయింది నీ చేతులకి.

అప్పుడు నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. "నా గురించి నీకు ఎవరేం చెప్పారు?" అని అడిగావు. కోపంలో మాటవరసకి అడిగావనుకుని ఏదో జవాబు రాసేశాను. పత్రికలో "చేసి తీసుకురావద్దు" అని చూడగానే, నీ వేళ్ళు ఇక చుట్టలేవని నాకు ఎవరో చెప్పేశారని, నీ పరువు కాపాడటానికే ఊరందరికీ కలిపి ఆ వాక్యం రాశానని నువ్వనుకున్నావు. అవునా? నాకు తెలియదు అత్తా. ఎవరూ చెప్పలేదు. నేను మిసెస్ పవ్లిక్‌ని కాపాడాలనుకుంటే నువ్వు గాయపడ్డావు.

అయినా ఆ చేతులతోనే నువ్వు నా పెళ్ళి నిలబెట్టావు. పదకొండు వంటిళ్ళు హ్యూస్టన్ నుంచి వెలిగించావు. ఏ గుమ్మంలో ఏ మాట అనాలో, ఏ మాట అనకూడదో, పిండి ముట్టకుండా నడిపించావు. బల్ల పెట్టడమంటే అదేనని నాకు ఇప్పుడు తెలిసింది. మిసెస్ పవ్లిక్‌కి అది రాదు, అమ్మకి రాదు, నాకు రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్ళు పడుతుంది.

ఇక నేను తేల్చింది విను.

ఆ డబ్బాలోవి బల్ల మీద పెట్టను. నీ పేరు మీద అసలు పెట్టను. ఫైర్ హాలు కుర్రాళ్ళకి ఇచ్చేశాను, నిన్ననే తినేశారు.

సోమవారం బస్సుకి టిక్కెట్టు కొన్నాను. బుధవారం పొద్దున హ్యూస్టన్‌లో దిగుతాను. లైబ్రరీలో నాకు వారానికి రెండు రోజులే పని ఉంచారు, కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు కుర్చీలో కూర్చుని చెబుతావు, నేను చుడతాను. వంకరగా వస్తే వంకరవే పెళ్ళికి వెళతాయి. చేసింది నేనని అందరికీ చెబుతాను, నేర్పింది నువ్వని చెబుతాను. నీ చేతుల సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం, నేను మాత్రం ఎవరికీ చెప్పను. తిరుగు టిక్కెట్లు రెండు తీసుకున్నాను. బల్ల పెట్టేది నువ్వు. ఏ పళ్ళెం ఎక్కడో నువ్వు చూపిస్తే మిసెస్ పవ్లిక్ మోస్తుంది. ఆవిడతో మాట్లాడాను, ఒప్పుకుంది. అమ్మ ఒప్పుకోలేదు. అయినా వస్తున్నాను.

జవాబు రాయకు. అది ఇక్కడికి చేరేసరికి నేను అక్కడుంటాను.

జోలానా